రంగు తిరగని పద్నాలుగు

మా చిన్నాయన ఎవ్వరినీ ఒక్క మాట అనేటోడు కాదు. ముప్పై ఏండ్లు బస్సు డిపోల మెకానిక్కుగ పనిచేసి ఒక్క డ్రైవరును గూడ తిట్టలేదని డిపోల చెప్పుకునేటోళ్లట. అసొంటి మనిషి ఒకరోజు పొద్దుగాల, ఒక చేత్తో చాయ్ తాగుకుంట, ఇంకో చేత్తో చాయ్ జల్లెడ పట్టుకోని, వందకు పైన చేపపిల్లల్ని ఏరి వాటి తల్లికే మేతేసిండు. తర్వాత జల్లెడను మంచిగ కడిగి మల్ల వంటింట్ల మేకుకు తగిలేసిండు. ఆ జల్లెడ ఇప్పటికీ మా ఇంట్ల నడుస్తున్నది. మా అమ్మకు ఈ సంగతి తెల్వది. ఇది చదివితే తెలుస్తది.

మాది మొఘల్‌పురాల పాత ఇల్లు. వాకిట్ల నడుమ ఒక రాతి హౌజు, నీళ్ల తొట్టి. ఒకప్పుడు ఇంటికొచ్చినోళ్లు అండ్ల నీళ్లు ముంచుకోని కాళ్లు కడుక్కునేటోళ్లట. ఇప్పుడు ఇంటికి ఎవ్వరు రారు, వచ్చినా చెప్పులు ఇడ్వరు. హౌజు ఖాళీగ ఉండె, రిటైరయినంక చిన్నాయన గూడ ఖాళీగ ఉండె. ఇద్దరికీ జోడు కుదిరింది. ఆయన పెండ్లి చేసుకోలే. ఎందుకని అడిగితే "డ్యూటీలు కుదరలే" అంటడు.

మొదలు ముందుగదిల అద్దాల పెట్టె పెట్టిండు. ఉస్మాన్‌గంజ్ దిక్కు ఒక చేపల దుకాణం ఉంది, అక్కడికెల్లి ఎర్ర గోల్డ్‌ఫిష్‌లు తెచ్చిండు. రెండు తోకలు పరికిణీ లెక్క పరుచుకునే రకం. దుకాణం భాయ్ చెప్పిండట, "ఇవి చల్లనీళ్ల చేపలు అన్నా, హీటర్ గీటర్ ఏం అక్కర్లే" అని. నిజమే. కాని ఈ ఊర్ల మే నెలల చల్లనీళ్లు ఎక్కడుంటయి? ఫ్రిజ్జుల ఉంటయి. చిన్నాయన బాటిళ్లల్ల నీళ్లు గడ్డకట్టిచ్చి చేపల పెట్టెల తేలేసేటోడు. ఎండకాలమంత ఫ్రిజ్జు పై అర చేపలది. నాకు రంజన్ కుండల నీళ్లు.

"చిన్నాయనా, నేను గూడ జెర నోరు తెరుచుకోని గుడ్లు తేలేస్తే ఒక బాటిల్ ఇస్తవా?" అని అడిగిన.

"నీకు మొప్పలు లేవు కదరా" అన్నడు. గంతే. ఆయన మాట్లాడితే గంతే మాట్లాడ్తడు.

ఆయనకు ఒక్కటే ఆశ. వాటి పిల్లల్ని పెంచాలె. దుకాణంల కొన్నయి గాదు, తన ఇంట్ల పుట్టినయి, తన చేతుల మీద రంగు తిరిగినయి. గోల్డ్‌ఫిష్ పిల్ల ఎర్రగ పుట్టదు. బురద రంగుల పుడ్తది, నలుపు తిరుగుతది, రెండు మూడు నెలలకు గాని బంగారు రంగు రాదు. ఆ రంగు చూడాలని మూడేండ్లు గుంజిండు. మూడేండ్లూ ఒకటే కథ. చలికాలం పోతుండంగ తెల్లారిగట్ల తల్లి గుడ్లు పెడ్తది, వెనక్కి తిరుగుతది, తింటది. నాశ్తా ఇంట్లనే తయారు. చిన్నాయన లేచి చూసేటాళ్లకు తల్లి మూతి తుడుచుకుంటున్నట్టు ఉంటుండె.

నాలుగో ఏడు నైలాన్ తాడు పోగులు విడదీసి గుత్తి లెక్క కట్టి పెట్టెల వేలాడదీసిండు. గుడ్లు దానికి అంటుకున్నయి. అంటుకున్నయో లేదో తాడు తీసి హౌజుల ఏసిండు. నాలుగో రోజుకు హౌజు నిండ కామాలు. గీత లెక్క ఉన్న పాణాలు, రెండు కండ్లు, అంతకంటే ఏం లేదు.

హౌజు నీళ్లు ఎండకు నిలువుండి పచ్చగ తిరిగినయి. పిల్లలకు ఆ పచ్చనీళ్లే తల్లిపాలు అని భాయ్ చెప్పిండు. ఇంకోటి గూడ చెప్పిండు. నల్లా నీళ్లు తాజాగ పొయ్యొద్దు, అండ్ల బ్లీచింగ్ ఉంటది, మనకు మంచిది, చేపకు సావు. అందుకని వాకిట్ల రెండు నీలం డ్రమ్ములు. నల్లా నీళ్లు వాటిల్ల రెండు రోజులు నిలవాలె, వాసన పోవాలె, గప్పుడు చెంబుతోని నెమ్మదిగ హౌజుల పొయ్యాలె. ఇది నాకు దినాం చెప్పేటోడు. చూపుడువేలు పైకెత్తి, గొంతు తగ్గిచ్చి, "నీళ్లు నిలవాలెరా, మనిషి లెక్క నిలవాలె" అనేటోడు. నాకు ఆ గొంతు మంచిగ పట్టువడ్డది. దోస్తుల ముంగట చేసి చూపిస్తే కడుపు పట్టుకోని నవ్వేటోళ్లు.

నెల తిరిగినంక ఏరుడు షురూ అయింది. వంకర నడుమువి, ఒంటి తోకవి, పక్కకు ఈదేటివి, అన్నీ తియ్యాలె, లేకుంటే మంచివాటి మేత గూడ అవే తింటయి. ఇది గూడ భాయ్ చెప్పిందే. భాయ్ చెప్పిండు, చిన్నాయన చేసిండు. ఒక్కొక్కదాన్ని తెల్ల గిన్నెల ఏసి, పైనుంచి తోక చూసి, జల్లెడల ఎత్తి, పోయి అద్దాల పెట్టెల ఒంపి వచ్చిండు. తల్లి రెండు పూటలు తిన్నది. చిన్నాయన మొహంల ఏమన్న కనిపిస్తదేమో అని నేను శానసేపు చూసిన. ఏం కనిపియ్యలే.

"నేను ఇంటర్ రెండుసార్లు తప్పిన. నన్ను గూడ గిట్లనే ఏరాల్సి ఉండె" అన్న.

ఆయన జల్లెడను ఎలుతురుకు పట్టి చూసుకుంట అన్నడు, "గప్పుడు ఇంట్ల జల్లెడ లేకుండె."

ఆఖరుకు పద్నాలుగు మిగిలినయి. బొటనవేలి గోరంత నల్లటి పద్నాలుగు పాణాలు, పచ్చనీళ్లల్ల. పైనుంచి చూస్తే కనిపియ్యయి. పిట్టలు ఎత్తుకపోకుండ, ఎండ తగలకుండ అమ్మ పాత చీర కప్పిండు. అసలు సంగతి, చీర పిట్టల కోసం గాదు, దిష్టి కోసం. రంగు తిరిగేదాంక ఎవ్వరికీ చెప్పొద్దని ఇంట్ల హుకుం.

"ముఖ్యంగ పక్కింటి ఆపాకు" అన్నడు.

పక్కింటి ఆపా అంటే చిన్నాయనకు అక్క లెక్క, నాకు ఖాలా, పిన్ని లెక్క. బార్కస్‌ల పుట్టి పెరిగింది, పెండ్లయి ఈ గల్లీకి వచ్చి యాభై ఏండ్లాయె. ఒక్కతే ఉంటది. మాతోని సగం తెలుగు, సగం ఉర్దూ మాట్లాడ్తది. మంచిది ఏది చూసినా "మాషా అల్లా" అనకుండ ముందుకు పోదు. దిష్టి తగలొద్దనే అంటది. అంటే ఆమెకు ఎవరి దిష్టి ఎవరికి తగుల్తదో అని భయం, మా చిన్నాయనకు ఆమె దిష్టి తగుల్తదని భయం. గోడకు ఈ దిక్కొకరు, ఆ దిక్కొకరు, ఒకటే బీమారి. నేను పుట్టినకాడికెల్లి ఒక్క మాట కడుపుల దాచుకున్నోన్ని గాదు. కాని చిన్నాయన ఒట్టు పెట్టిచ్చుకుండు. సరే, జీవితంల ఒక్కసారి నోరు మూసుకుందామని మూసుకున్న. ఆ ఒక్కసారే మూసుకోకపోతే మంచిగుండె.

మా గల్లీల నల్లా రోజు తప్పించి రోజు వస్తది, గంటసేపు. అది వచ్చిందంటే గల్లీల ఇంకో పని నడ్వదు. ఒక రివాజు ఉంది. ఎవరింట్ల ఎవ్వరు లేకున్నా పక్కింటోళ్లు తలుపు గొళ్లెం తీసి లోపలికొచ్చి, పాత నీళ్లు పారబోసి, కడిగి, తాజా నీళ్లు నింపిపోతరు. నిల్వ నీళ్లు ఇంట్ల ఉంటే దరిద్రం అని అందరి నమ్మకం. అదొక్కటి రెండు మతాలోళ్లకు కలిసింది. మేము ఖాలా ఇంట్ల మస్తుసార్లు నింపినం. ఆమె మా ఇంట్ల నింపింది.

పోయిన మే నెలల నిజామాబాద్ దిక్కు చుట్టాల పెండ్లి. అమ్మా చిన్నాయనా రెండు రోజులు పోవాలె. పోయే ముందు చిన్నాయన ఒక పిల్లను గాజు గ్లాసుల ఏసి ఎండకు పట్టి చూపెట్టిండు.

"కిందికెల్లి చూడు."

చూసిన. పైన నల్లగనే ఉంది. పొట్ట మాత్రం పసుపు. కొత్త ఇత్తడి లెక్క.

"కిందికెల్లే మొదలైతది. పదిరోజులల్ల పైకి ఎక్కుతది" అన్నడు. "పొద్దున మాపు గుడ్డు పచ్చసొన ఎయ్యి. నల్లా టైంల ఇంట్ల ఉండు. గంతే, ఇంకేం చెయ్యకు."

"పీహెచ్‌డీ ఏమన్న చెయ్యాల్నా?" అన్న.

"ఇంట్ల ఉండు చాలు."

మొదటి రోజు ఉన్న. రెండో రోజు పన్నెండింటికి దోస్తులు ఫోన్ చేసిన్రు, బార్కస్‌ల మండీ తిందాం రా అని. నల్లా టైం. గోడ మీదికెల్లి తల పెట్టి చెప్పిన, "ఖాలా, జెర బయటికి పోతున్న. నల్లా వస్తే ఆ రెండు డ్రమ్ములు నింపుతరా?"

"జా బేటా, ఫికర్ నక్కో, నేను చూస్కుంట" అన్నది.

పోయిన. పెద్ద తాంబాలం సుట్టు కూసోని మండీ అన్నం, మటన్ తిన్నం. కడుపు నిండినంక దోస్తులు అడిగిన్రు, మీ చిన్నాయన ఐటం ఒకటి చెయ్యిరా అని. వేలు పైకెత్తిన. గొంతు తగ్గిచ్చిన. "నీళ్లు నిలవాలెరా, మనిషి లెక్క నిలవాలె. తాజా నీళ్లు మనకు మంచిది, చేపకు సావు." మస్తు నవ్విన్రు. ఒకడు అన్నం ముక్కులకు పోయి దగ్గిండు. ఆ ఐటం అంత మంచిగ ఎన్నడూ చెయ్యలే నేను.

ఇంటికొచ్చేసరికి ఖాలా మా గడప మీద కూసోని ఉంది. సల్వార్ మోకాళ్ల దాంక తడిసింది, ఆయాసపడ్తున్నది, కాని మొహం వెలిగిపోతున్నది.

"దేఖో బేటా!"

చూసిన. చీర మడతపెట్టి పక్కన ఉంది. హౌజు నిండ నీళ్లు, అద్దం లెక్క. అడుగున నల్లరాయి పరిచి ఉన్నదని నాకు గారోజే తెలిసింది.

"ఎంత గందగీ పెట్టుకున్నర్రా ఇంట్ల! మీ అమ్మకు నడుం నొప్పి, మీ చిచ్చాకు కండ్లు కానరావు, నీకు సిగ్గు లేదు" అన్నది. "హౌజు మోరీ తూముకు కుక్కిన గుడ్డ పీకేసిన, పచ్చనీళ్లన్ని పోయినయి. పురుగులు గూడ ఉండె బేటా! మచ్ఛర్ పురుగులు, దోమలయి, ఇంత ఇంత, నల్లగ!" అని బొటనవేలి గోరు చూపెట్టింది. "అన్ని కొట్టుకపోయినయి. బ్లీచింగ్ ఏసి, బ్రష్షు పెట్టి రాకిన. ఇప్పుడు నువ్వు అండ్ల మొహం చూస్కోవచ్చు."

చూస్కున్న. కనిపించింది.

"షుక్రియా ఖాలా" అన్న. ఇంకేమంట?

ఆమె పోయినంక జల్లెడ పట్టుకోని గల్లీల మోరీ కాడికి ఉరికిన. మిట్టమధ్యాహ్నం, మోరీల చెయ్యి పెట్టి జల్లెడతోని వడబోస్తున్న. ఉల్లిగడ్డ పొట్టు వచ్చింది, షాంపూ ప్యాకెట్టు వచ్చింది, ఎవరిదో పన్ను లెక్క ఉన్నదొకటి వచ్చింది. పోయేటాయన ఒకడు బండి ఆపిండు.

"ఏం పోయింది భాయ్? బంగారమా?"

"ఆఁ. ఇంకా పూర్తిగ కాలే" అన్న.

ఒక్కటి దొరకలే. నా లెక్క ప్రకారం గప్పటికి మూసీ దిక్కు సగం తొవ్వ పోయి ఉంటయి, పసుపు పొట్టలేసుకోని.

చిన్నాయన వచ్చేది సాయంత్రం ఐదింటికి. నాకు రెండున్నర గంటలున్నయి. మనిషన్నోడు కూసోని ఏమని చెప్పాల్నో ఆలోచిస్తడు. నేను బండి తీసి ఉస్మాన్‌గంజ్ దిక్కు కొట్టిన.

"గింత సైజువి, నల్లయి, పద్నాలుగు కావాలె భాయ్."

"నల్లయి ఎవడు కొంటడు భాయ్? ఎర్రయి ఉన్నయి, తీస్కపో" అన్నడు దుకాణం భాయ్.

ఆగి ఆలోచించిన. ఎర్రయి ఇంకా మంచిది. రంగు తిరిగినయి అని చెప్పొచ్చు. ఎండకు తొందరగ తిరిగినయి, నేను మంచిగ చూస్కున్న, గుడ్డు జెర ఎక్కువ ఏసిన. ఆయన నాలుగేండ్ల ఆశ, నా నాలుగు నిమిషాల తెలివి. పాలిథీన్ కవర్ల పద్నాలుగు ఎర్రచేపలు బండి హ్యాండిల్‌కు తగిలేసుకోని, చార్మినార్ కాడి ట్రాఫిక్‌ల, నాకు నేను మస్తు హుషార్ అనుకుంట ఇంటికొచ్చిన. కవరు కోసి హౌజుల ఒంపిన. తెల్లటి నీళ్లల్ల ఎర్రగ, నల్లరాయి మీద, ఎంత ముచ్చటగ ఉన్నయో చెప్పలేను.

అదే రోజు పగటీలి వేలు ఎత్తి, గొంతు తగ్గిచ్చి, పదిమందిని నవ్విచ్చిన ముచ్చట నాకు యాదికి రాలే.

ఐదింటికి వాళ్లొచ్చిన్రు. అమ్మ సంచులు పట్టుకోని లోపలికి పోయింది. చిన్నాయన చెప్పులు గూడ ఇడువలే, చక్కగ హౌజు కాడికి వచ్చిండు. వచ్చి ఆగిండు.

"అరే" అన్నడు.

హౌజు గోడ పట్టుకోని కూసున్నడు. నవ్విండు. మా చిన్నాయనకు కిందిపండ్లల్ల ఒకటి లేదని నాకు ఇన్నేండ్లకు తెలిసింది, ఎందుకంటే ఆయన గట్ల నవ్వంగ నేనెన్నడూ చూడలే.

"వదినా! ఇటు రా! రంగు తిరిగినయి!" అని అరిసిండు. ఆ గొంతు గల్లీ చివరి దాంక పోయి ఉంటది. ఒక్క నిమిషం. ఎక్కువ చెప్తలే, ఒక్కటే నిమిషం.

ఒక చేప పైకొచ్చి నోరు తెరిసింది. ఇంకోటి వచ్చింది. ఒకటి పక్కకు ఒరిగి గుండ్రంగ తిరుగుతున్నది. చిన్నాయన నవ్వు గట్లనే ఉంది, అండ్లకెల్లి ఆయన మెల్లగ వెళ్లిపోయిండు. వేలు నీళ్లల్ల ముంచి వాసన చూసుకుండు. మడతపెట్టిన చీర చూసిండు. మోరీ గుడ్డ చూసిండు. నన్ను చూసిండు.

నేను చెప్పిన. మండీ కాడికెల్లి మోరీ దాంక అంత చెప్పిన. ఐటం సంగతి ఒక్కటి చెప్పలే.

ఆయన ఒక చేపను అరచేతిలకు తీసుకుండు. కొట్టుకుంటున్నది అది.

"ఒంటి తోక" అన్నడు. "నావి రెండు తోకలయి. ఇసొంటివాటిని నేను ఏరేసిన." చేపను మల్ల నీళ్లల్ల ఇడిసి, "ఎన్ని తెచ్చినవు?"

"పద్నాలుగు."

"లెక్క మంచిగ యాదికుంది."

"చిన్నాయనా, ఆ అద్దాల పెట్టెల ఏద్దాం, బతుకుతయి" అన్న. నిజంగనే ఏడుపొచ్చింది నాకు. ముందుగదిలనే ఉంది పెట్టె, పది అడుగులు.

"కొత్తయి అండ్ల కలిపితే రోగమొస్తది" అన్నడు.

"బకెట్ల ఆ పెట్టె నీళ్లు తెస్త."

"కూసో."

కూసున్న. గంట పట్టింది. ఆయన చేపల్ని చూడలే, నన్నే చూసిండు. ఒక్కొక్కటి తెల్లపొట్ట పైకేసి తేలంగనే జల్లెడతోని తీసి పేపర్ మీద వరస పెట్టిండు. పద్నాలుగోది అయినంక జల్లెడ నా చేతికిచ్చిండు. "కడుగు."

తెల్లారి పొద్దుగాల పెండ్లి లడ్డూలు ఒక డబ్బాల పెట్టుకోని నన్ను పట్టుకోని ఖాలా ఇంటికి పోయిండు.

"ఆపా, హౌజు మస్తు సాఫ్ చేసిన్రట. మా పిలగానికి చేతగాదు. మీరు లేకపోతే ఏమయ్యేదో."

ఖాలా దుపట్టాతోని కండ్లు ఒత్తుకున్నది. "యాభై ఏండ్లల్ల నా పని మంచిగుందని ఇంటికొచ్చి చెప్పినోళ్లు లేరు భాయ్. ఇగ హౌజు నా జిమ్మా. నల్లా వచ్చినప్పుడల్ల నేనే కడుగుత, మీరు చెయ్యి పెట్టొద్దు" అన్నది.

"సరే ఆపా" అన్నడు చిన్నాయన.

బయటికొచ్చినంక నేను అన్న, "నిజం చెప్పేద్దాం. లేకుంటే ఇగ హౌజుల ఎన్నడూ పిల్లల్ని పెంచలేవు."

"చెప్పు" అన్నడు. "నువ్వే పో. పురుగులు గావు, మా చిన్నాయన పిల్లలని చెప్పు. ఆమెకు నవ్వొచ్చేటట్టు చెప్పు. నీకు వస్తది కదా."

పోయిన. నిజంగనే పోయిన. ఖాలా చాయ్ పోసిచ్చింది, బిస్కెట్ పెట్టింది, కొత్త బ్రష్షు చూపెట్టింది. హౌజు కోసమే తెప్పిచ్చిందట, పొడుగు కట్టెది. చాయ్ తాగి వచ్చిన.

ఈ ఫిబ్రవరిల తల్లి మల్ల గుడ్లు పెట్టింది. నేను ముందురాత్రే తాడు గుత్తి కట్టి తయారు పెట్టిన, పెద్ద బకెట్ గూడ తెచ్చిన. తెల్లారి చూస్తే చిన్నాయన చాయ్ పట్టుకోని పెట్టె ముంగట కూసోని ఉన్నడు. తాడు పక్కన పొడిగ ఉంది.

"తాడు పెట్టలేదేంది?"

"తిననీ" అన్నడు.

తల్లి వెనక్కి తిరిగింది. చిన్నాయన చాయ్ తాగిండు. గప్పుడే గల్లీల లొల్లి లేచింది, నల్లా వచ్చింది. గోడ అవతలికెల్లి ఖాలా కేక, "బేటా, పైప్!"

పైపు తీస్కపోయిన. ఖాలా హౌజు గుడ్డ పీకి, రాకి, నింపింది. నీళ్లు అడుగు దాంక కనిపిస్తున్నయి. నడుం మీద చెయ్యి పెట్టుకోని చూసి మురిసింది. "మాషా అల్లా" అన్నది. గప్పుడు ముందుగది కిటికీల కూసున్న చిన్నాయన దిక్కు తిరిగి అరిసింది, "భాయ్, ఇంత సాఫ్ నీళ్లు దండుగ పోతున్నయి. ఆ ఎర్రచేపలు రెండు తెచ్చి ఇండ్ల ఏస్తే ఎంత మంచిగుంటది!"

"చూద్దాం ఆపా" అన్నడు చిన్నాయన.

నేను పైపు ఈ కొస పట్టుకోని నిలవడ్డ. నల్లా బంద్ అయ్యేదాంక నిలవడాలె.